నోరెత్తకుండా ఆస్పత్రిదాకా

అంచు కుట్టడం పూర్తవుతూనే కర్టెన్లమ్మ పళ్లతో దారం తెంపి, గుడ్డను మోచేతి మీద మడతపెట్టుకుంది. పెళ్లయిన నాటినుంచీ ఊళ్లోవాళ్ల కిటికీలకు తెరలు కుడుతున్న చేతులవి. వేళ్లకొసలు సూదిపోట్లతో గరుకెక్కాయి. కుడిభుజం కాస్త కిందికి జారింది. మెడలో టేపుతోనే స్నానానికి వెళ్తుందని కొడుకు ఏడిపిస్తాడు.

కర్టెన్లు డిక్కీలో సర్ది, కడ్డీలు వెనకసీటు మీద పెట్టింది. బూడిదరంగు కారు, రిటైరైన లెక్కల మాస్టారి దగ్గర కొన్నది. తలుపుకి సొట్ట ఉంది. ఏసీ దాని ఇష్టం. అయినా ఒక్కనాడూ నడిరోడ్డు మీద పరువు తీయలేదు. కూతురి పురిటికీ, అత్తగారి కంటి ఆపరేషనుకీ అదే వెళ్లింది. ఇంట్లో పిలిస్తే పలికేది అదొక్కటేనని ఆవిడ దెప్పుతుంటుంది.

ఇప్పుడు దానికి బేరం వచ్చింది. బతుకంతా కంపెనీ బస్సు నడిపిన భర్తకు గుండెపోటు వచ్చాక, డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. నాన్న నడపలేని కారెందుకని కొడుకు కొనేవాణ్ణి చూశాడు. ఆవిడ ఆ వయసులో పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుంది, లైసెన్సూ తెచ్చుకుంది. భర్తకి మాత్రం నమ్మకం కుదరలేదు. పక్కన కూర్చుని "క్లచ్, క్లచ్" అంటూ ప్రాణం తీస్తాడు. తనవైపు లేని బ్రేకుని కాలితో తొక్కుతాడు.

నిన్న భోజనాల దగ్గర ఆయన పందెం కట్టాడు.

"రేపు చెకప్‌కి నువ్వే తీసుకెళ్లు. నేను నోరెత్తే పని లేకుండా ఆస్పత్రికి చేర్చావా, కారు నీది. నోరెత్తానా, అమ్మేద్దాం."

"నోరు మూసుకోవడం మీవల్ల అవుతుందా?"

"అదీ చూద్దాం."

కారు పోతే కర్టెన్లు చేరవేయడానికి అద్దె బండివాళ్ల దయ మీద బతకాలి. పైగా ఇంత కష్టపడి నేర్చుకున్నది ఎవరికో అప్పగించడం ఆవిడకి ససేమిరా ఇష్టం లేదు.

ఇవాళ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరి, ముందు కర్టెన్లు ఇవ్వాల్సిన ఇంటి దగ్గర ఆపింది. ఆవిడ కడ్డీలు బిగించి, తెరలు తగిలించి, నేలమీద చతికిలబడి అంచు వేలెడు ఎత్తులో ఉందో లేదో చూసుకునేంతసేపూ ఆయన కారులోనే ఉన్నాడు.

"పోదామా?" అంది తిరిగొచ్చి. ఆయన తలూపి పెదాలు బిగించాడు.

బజారువీధిలో సైకిలొకటి అడ్డొచ్చింది. ఆయన కాలు నేలని తన్నింది. గొంతుదాకా వచ్చిన మాటని దగ్గుగా మార్చుకున్నాడు. ఆవిడకి నవ్వొచ్చినా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. అసలు గండం వంతెన. ఎక్కుతుండగా బళ్లన్నీ ఆగిపోయాయి. వెనక లారీ ఆనుకునే ఉంది. కిందటిసారి ఇక్కడే ఇంజను ఆగి, కారు వెనక్కి జారి, ఆయన చేత నానా చీవాట్లు తింది. ఇవాళ క్లచ్‌ని కుట్టుమిషను పెడల్లా నెమ్మదిగా వదిలింది. కారు జారకుండా ముందుకు కదిలింది. పక్కనుంచి చప్పుడు లేదు. కాలూ కదల్లేదు.

నమ్మారు, అనుకుంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేం. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఏ పనినీ ఇలా ఆవిడకి పూర్తిగా వదిలేసింది లేదు. వంతెన దిగింది, మలుపు తిరిగింది, ఒక్క మాట లేదు. ఆస్పత్రి ఆవరణలో రెండు కార్ల మధ్య సందులోకి ఒకే ఊపులో రివర్సు చేసి ఇంజను ఆపింది.

"చూశారా, కారు నాదే!" అంటూ తిరిగింది.

ఆయన తల కిటికీ అద్దానికి ఆని ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే చేతిలో పట్టు లేదు.

"ఏమండీ, నేనే ఓడిపోయానంటాను. ఒక్క మాటనండి," అంది.

స్ట్రెచరు వచ్చింది. దారిలోనే పోయారమ్మా అన్నాడు డాక్టరు. కొడుకు పరుగున వచ్చాడు, ఏడ్చాడు, కాసేపటికి తాళాల కోసం చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వమ్మా. కారు నేను తెస్తాలే."

"వద్దురా. నాన్న నోరెత్తలేదు. నేనే నడుపుతాను."

వాడు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని కారు దగ్గరికి నడిచింది. ఆయన్ని దించినవాళ్లు పక్క తలుపు తీసే వదిలేశారు. వేయబోయి ఆగింది. తలుపు అరలో ఆయన రుమాలుంది, అందులో ఆవిడ కోసం వలిచిన కమలాపండు, ఆవిడకి గిట్టని తెల్లనార ఒక్క పోగైనా లేకుండా తీసిన తొనలు.