కొలిమి ఆగిన శనివారం

"రాయేగా ఫెబా. కాళ్ళొచ్చి పారిపోదుగా" అన్నాడు సాల్మన్.

ఫెబా తలెత్తలేదు. ఒళ్ళో చేట, చేట నిండా వెల్లుల్లి. తెల్లారితే ఇంట్లో కృతజ్ఞత కూడిక. చర్చి సంఘమంతా వస్తుంది. అల్లం, వెల్లుల్లి పని ఈ సాయంత్రమే అయిపోవాలని అత్తగారు రెబ్కా పొద్దుటి నుంచి పోరుతోంది. సాల్మన్ కూడా ఒక పాయ పట్టుకున్నాడు గాని ఒలవడం లేదు, తిప్పుతున్నాడు. మాట్లాడేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి మొగుడికి.

కూడిక అతని కాలు కోసమే. ఏటుకూరు రోడ్డులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో అతను సూపర్‌వైజరు. మిరపకాయలు తొక్కి కుట్టిన బస్తాను అక్కడ టిక్కీ అంటారు. కప్పు దాకా పేరుస్తారు. పోయిన వానల్లో ఆ దొంతర మీంచి జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. కొడుకు కర్ర లేకుండా నడిచిన రోజున కూడిక పెట్టిస్తానని రెబ్కా ప్రార్థనలో మాటిచ్చింది. దేవుడు విన్నాడు, డాక్టరు రాడ్డు వేశాడు. మధ్యలో బెడ్‌పాన్ తీసిందీ, ఒళ్ళు తుడిచిందీ, కాలి కింద దిండు సర్దిందీ ఎవరో కూడికల్లో చెప్పుకునే పద్ధతి లేదు. ఫెబా దానికి పెద్దగా నొచ్చుకోలేదు. ఆ రోజుల్లో అతను పసిపిల్లాడిలా కొంగు పట్టుకుని "ఇవాళ యూనివర్సిటీకి పోమాకే" అన్నది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆమె దిగులంతా ఆ రాయి గురించి.

ఫెబా పుట్టింది పిడుగురాళ్లలో. నాన్న సున్నపుబట్టీలో పనివాడు. చిన్నప్పుడు అతనికి అన్నం పట్టుకెళ్ళి బట్టీ పక్కన నిలబడి చూసేది. రాయి లోపలికి పోయేది, సున్నం బయటికి వచ్చేది. మరి భూమి లోపల ఇంత వేడి ఉంటుందని బళ్ళో చెప్పారే, అక్కడి రాయి ఎందుకు సున్నం అయిపోదు అని ఒకరోజు అడిగింది. "చదువుకుని నువ్వే నాకు చెప్పు" అన్నాడు నాన్న. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఇంత దూరం వచ్చింది. జియాలజీ చదివింది. పాఠాలు చెప్పుకుంటూ అదే యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. అక్కడి లాబ్‌లో మనిషి ఎత్తున ఉక్కు గొట్టం ఒకటుంది. అందులో చిటికెన వేలంత సున్నపురాయి ముక్క పెడతారు. రాయి సున్నం అయిపోకుండా చుట్టూ గ్యాసు ఒత్తిడి, లోపల చిన్న కొలిమి, ఆ కొలిమిలో దాదాపు సున్నపుబట్టీ అంత వేడి. పైనుంచి ఉక్కు కడ్డీ నొక్కుతుంది. గోరు పెరిగినంత నెమ్మదిగా దిగుతుంది ఆ కడ్డీ. తొందరపెట్టి నొక్కితే రాయి ఫెళ్ళున పగులుతుంది. అదే రాయిని వేడి మీద నిదానంగా నొక్కితే పగలదు. మైనంలా సాగుతుంది, ఒరుగుతుంది. కొండల అడుగున రాళ్ళు చీర మడతల్లా మడతపడింది అలాగే. ఎంత వేడికి, ఎంత బరువుకి, ఎంత నిదానానికి సాగుతుంది అన్నదే ఆమె పట్టుకోవాలనుకున్నది. అందుకు వారం పాటు యంత్రం ఆగకూడదు. గొట్టం కాలిపోకుండా చుట్టూ చల్లనీళ్ళు తిరుగుతూనే ఉండాలి. నీళ్ళ పంపు ఆగితే కొలిమి దానంతట అదే ఆగిపోతుంది. కొలిమి ఆగితే రాయి చల్లబడి బీటలిస్తుంది, పడిన పాటంతా పోతుంది. అందుకే పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి.

పోయినేడు ఒకసారి ఇలాగే పెట్టింది. ఇంకాస్తలో పూర్తవుతుందనగా సింగరాయకొండ నుంచి సాల్మన్ చిన్నత్త వాళ్ళు దిగారు. "ఒక్క గంట వచ్చి కూర పడేసి పో, నీ చేతి కూరే కావాలంటున్నారు" అని ఇంటి నుంచి ఫోను. నీ చేతి కూర అంటే మెత్తబడని ఆడమనిషి ఎవరు. వచ్చింది. కూర తర్వాత చారు, చారు తర్వాత అంట్లు. తిరిగి వెళ్ళేసరికి నీళ్ళ పంపు ఆగి ఉంది. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి చిన్నత్తకు కాఫీ ఇచ్చింది. "మొహం అలా ఉందేంటే" అని రెబ్కా అడిగితే తలనొప్పి అంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు. ఇంకో రాయి పెట్టుకో అంటారు. పిడుగురాళ్లలో రాళ్ళకేం కరువు.

లాబ్ పెద్ద యలమందయ్య గారు కోప్పడనైనా లేదు. "ఇంట్లో కుదరాలి కదమ్మా, మీ ఆడవాళ్ళకి కష్టమే" అన్నారు. ఆ జాలి ఆమె లోపల ముల్లులా ఉండిపోయింది. యంత్రం అందరికీ వంతులవారీ. మళ్ళీ తన వంతు ఇప్పటికి వచ్చింది. రాయి పెట్టి కొలిమి వేసింది, సోమవారంతో అయిపోతుంది.

"రేపు పొద్దున లాబ్ అటెండరు బుడాన్ రాడు. ఎప్పుడూ అతనే చూస్తాడు. నేను లాబ్‌లో ఉండాలి" అంది ఫెబా, వెల్లుల్లి పొట్టు ఊదుతూ.

"నువ్వు లేకుండా కూడికేందమ్మాయ్" అంది రెబ్కా లోపల్నుంచి. "కోడలు లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పకపోతే నలుగురూ ఏమనుకుంటారు. బియ్యం ఎవురు ఎసట్లో పోస్తారు."

"పొద్దున నేను పోయి కూర్చుంటాలే" అన్నాడు సాల్మన్. "మధ్యాహ్నానికి మీ లాబ్ కుర్రాడు కోటేష్ వస్తాడన్నావుగా. ఇన్ని మోటార్లు చూసేవాణ్ణి, నీ బుల్లి పంపు చూడలేనా?"

ఫెబా అతని వంక చూసింది. మిరపకాయల సీజన్లో అతను వారాలకు వారాలు స్టోరేజీలోనే పడుకుంటాడు. తలుపు తెరిచినా, మోటారు ఆగినా సరుకు పాడవుతుంది గనక ఇంటికి రమ్మని ఎవరూ అడగరు. పైగా క్యారేజీ పంపిస్తారు. అలాంటి మనిషి తన రాయికి కాపలా ఉంటానంటే ఆమెకు నిజంగానే ముద్దొచ్చాడు.

"ఏదీ ముట్టుకోవద్దండీ. ఏం జరిగినా నాకు ఫోన్ చెయ్యండి, చాలు."

"అట్టాగే టీచరు గారూ" అన్నాడు, చేతిలో పాయను చేటలో పడేసి లేస్తూ. ఒలవకుండానే.

శనివారం పొద్దుటి నుంచి పెరట్లో పొయ్యి ముందే ఉంది ఫెబా. పక్కింటి సుబ్బరావమ్మ వచ్చి ఉల్లిపాయలు కోసి పెట్టింది. ముక్కలు నూనెలో ఎర్రబడుతుండగా సాల్మన్ బండి చప్పుడైంది. స్నానం చేసి తెల్లచొక్కా తొడుక్కుని నేరుగా పొయ్యి దగ్గరికే వచ్చాడు. గెలిచొచ్చిన వాడిలా ఉంది మొహం.

"కోటేష్‌కి అప్పజెప్పి వచ్చా. పొద్దున కరెంటు నాలుగైదుసార్లు మినుకు మినుకుమంది. పంపు గొంతు మారింది. నాకు తెలుసుగా, మోటారు అట్టా మూలిగినప్పుడు నడపకూడదు, కాలిపోద్ది. ఆపి, కాసేపు ఊపిరి పీల్చుకోనిచ్చి మళ్ళీ వేశా. మా కంప్రెసర్లకి అదే చేస్తాం. నీకెందుకు చెప్పలేదంటే, పొయ్యి దగ్గర ఉంటావు, కంగారుపడతావని."

ఫెబా చేతిలో గరిట ఆగింది. "మళ్ళీ వేశాక ఎర్ర లైటు వెలిగిందా?"

"వెలిగింది. బాగా వెలిగింది" అన్నాడు సంతోషంగా.

ఎర్ర లైటు అంటే కొలిమి ఆరిపోయిందని. ఉల్లిపాయలు మాడుతున్నాయని సుబ్బరావమ్మ అరిస్తే కలియబెట్టింది. అతను అమ్మకు సాయంగా కుర్చీలు వేయడానికి వెళ్ళిపోయాడు, కుంటకుండా, చక్కగా నడుస్తూ. అతను చేసిందాంట్లో ఎక్కడా చెడ్డ లేదు. అదే కష్టం. చెడ్డవాడైతే ఒక మాట అని కడుపుమంట చల్లార్చుకోవచ్చు. ప్రేమగా చేసినవాణ్ణి ఏమంటారు. ఏమీ అనరు, తలనొప్పి అంటారు, కాఫీ ఇస్తారు. అలా ఇవ్వడం తన అమ్మ దగ్గరా, అత్త దగ్గరా చూసి నేర్చుకుంది. ఎవరూ నేర్పకుండానే తన కూతురూ ఒకరోజు నేర్చుకుంటుంది.

ఫోను మోగింది. కోటేష్. "అక్కా, కొలిమి ఆరిపోయి ఉంది. చాలాసేపైనట్టుంది. ఏం చెయ్యమంటావు?"

"రాయి దించెయ్ తమ్ముడూ" అంది.

గరిట సుబ్బరావమ్మ చేతికిచ్చి గోడ పక్కకు వెళ్ళి యలమందయ్య గారికి ఫోన్ చేసింది. జరిగింది దాచకుండా చెప్పింది. మళ్ళీ వంతు కావాలంది. ఆయన "ఏడాది దాకా ఎక్కడా ఖాళీ లేదమ్మా. క్రిస్మస్ వారం ఒక్కటే ఎవరూ తీసుకోలేదు. మీకు అది పండగ. ఇంట్లో అడిగి చెప్పు, కుదరదేమో" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆ మాటకు ఆమె జవాబు ఒకటే. అడిగి చెప్తాను సార్. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. క్రిస్మస్ వారం అంటే ఇంటికి సున్నం, పిల్లలకు కొత్తబట్టలు, అరిసెలు, కేకులు, కేరల్స్ వాళ్ళకు టీలు. ఆ వారం ఈ ఇల్లు తన రెండు చేతుల మీద నడుస్తుంది. పెరట్లోంచి రెబ్కా పిలుస్తోంది, బియ్యం కడిగావా అని.

"కుదురుతుంది సార్. నా పేరు రాసుకోండి" అంది ఫెబా.

కూడిక మొదలైంది. పాటలయ్యాయి. పాస్టరు మరియదాసు అయ్యగారు వాక్యం చెప్పి, చివర్లో సాల్మన్‌ని నిలబెట్టి అందరికీ చూపించారు. డాక్టర్లను తలుచుకున్నారు. తర్వాత ఫెబా వైపు తిరిగి, "ఈ ఇంటి కోడలు బండలాంటి మనిషి. ఎంత బరువు పెట్టినా కదలదు, మాట్లాడదు. ఇలాంటి స్త్రీ దొరకడం దీవెన" అన్నారు. ఆడవాళ్ళంతా ఆమె వైపు చూసి మెచ్చుకోలుగా నవ్వారు. సాక్ష్యం చెప్పమన్నారు.

ఫెబా తలమీద కొంగు సర్దుకుని లేచింది.

"అందరికీ వందనాలండి. మా ఆయన నడుస్తున్నారు. దేవునికి స్తోత్రం."

ఎవరైనా అక్కడితో కూర్చుంటారు. ఆమె కూర్చోలేదు.

"అయ్యగారు ప్రేమకొద్దీ నన్ను బండ అన్నారు. నేను బండల్ని నొక్కి చూసే పనే చేస్తానండి. బండ ఓర్చుకుంటుందని మనం అనుకుంటాం. వేడి మీద నెమ్మదిగా నొక్కితే దాని లోపల గింజ గింజా జరుగుతుంది. చప్పుడుండదు గనక మనకు తెలీదు. బరువు తీసేసి చూస్తే దాని ఆకారం మారిపోయి ఉంటుంది. ఇంక ఎప్పటికీ పాత ఆకారానికి రాదు."

అయ్యగారు పుస్తకం మూసి వింటున్నారు.

"పోయినేడు నా రాయి ఒకటి పాడైంది. కూర వండటానికి ఇంటికొచ్చాను, అప్పుడు పాడైంది. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ఇంకొకటి పాడైంది. మా ఆయన దాన్ని కాపాడాలనే చూశారు. ఆయన అక్కడ ఉన్నారు, నేను ఆ పొయ్యి దగ్గర ఉన్నాను. అటుది ఇటు, ఇటుది అటు అయింది. ఆయన మీద నాకు కోపం లేదు. అయినా చెబుతున్నాను. క్రిస్మస్ వారంలో మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఆ వారమంతా నేను ఇంట్లో ఉండను. నా రాయి కోసం ప్రార్థన చేయండి."

కూర్చుంది. వెనక వరసలో ఒకావిడ "పండక్కి ఇంట్లో ఉండదంటమ్మా" అని గొణిగితే, పక్కావిడ "రాయికంట" అంది. అయ్యగారు గొంతు సర్దుకుని ప్రార్థన ఎత్తుకున్నారు. సాల్మన్ కాలునూ తలుచుకున్నారు, ఏమనాలో తోచక కాస్త తడబడి రాయినీ తలుచుకున్నారు.

భోజనాల బంతులు లేచి, జనం వెళ్ళాక, పెరట్లో గిన్నెల దగ్గర రెబ్కా వచ్చి పీట వేసుకుంది. తిడుతుందనుకుంది ఫెబా. రెబ్కా తన అరచేతులు ముందుకు చాచి చూసుకుంది. వయసులో ఉన్నంత కాలం ఆమె మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయిన మనిషి.

"ఈ చేతుల్తో తొడిమలు తీసొచ్చి, ఈ చేతుల్తోనే మీ మామయ్యకి అన్నం వండేదాన్ని. మంట తట్టుకోలేక తడిగోడకి రాసుకునేదాన్ని. కళ్ళు తుడుచుకుందామన్నా చెయ్యి పెట్టకూడదు. ఎందుకే అట్టా చేస్తావని మీ మామయ్య ఒకసారి అడిగాడు. దురదన్నా. చచ్చిపోయిందాకా ఆయనకి తెలీదు" అంది. అరచేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఆ వారం నీకు క్యారేజీ నేను తెస్తాలే. నీ రాయి ఎట్టుంటదో నేనూ చూడాలి" అంది.

"మరి పండగ వంటలు అత్తయ్యా?"

"వాడు నడుస్తున్నాడుగా. వంటింటి దాకా నడవలేడా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. రెబ్కా లోపలికి వెళ్ళాక సాల్మన్ వచ్చాడు. తెల్లచొక్కా చేతులు పైకి మడిచాడు. పెద్ద గిన్నె దగ్గర కింద కూర్చుని, అడుగంటిన బిర్యానీని గీకడం మొదలుపెట్టాడు. కాలు ఇంకా పూర్తిగా ముడవదు, పక్కకు చాపుకున్నాడు. తలెత్తలేదు.

"పోయినేడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి.

"మీరు బాధపడతారని."

"మరి ఇవాళ అంతమందిలో చెప్పావు. ఇప్పుడు బాధపడనా?"

ఫెబా చెయ్యి కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. అతని నుదుటి మీద చెమటకు అంటుకున్న మసి వేలితో తుడిచింది.

"పడండి" అంది, ప్రేమగానే.