అడ్డం తిరిగిన రెక్క

తనూజ ఎప్పుడూ ఓడ ఎక్కలేదు. అయినా మూడేళ్లుగా ఆమె ఉద్యోగం ఓడలకు తెరచాపలు డిజైన్ చేయడమే. హోసూరులో ఆమె పనిచేసే ఆఫీసుకు ఒక విదేశీ సరుకు ఓడ పని వచ్చింది. ఇంజనుకు తోడుగా గాలిని కూడా వాడుకుంటే నూనె ఆదా అవుతుందని వాళ్ల ఆలోచన.

ఈ తెరచాప గుడ్డది కాదు. విమానం రెక్కను నిలబెట్టినట్టు, ముప్పై అయిదు మీటర్ల ఎత్తున ఫైబర్‌తో చేసిన రెక్క. లోపల ఉక్కు గొట్టమే దాని ఇరుసు. గాలిని బట్టి మోటారు దాన్ని తిప్పుతుంది. ఓడలో కరెంటు పోతే బ్రేకు వదులై, రెక్క తనంతట తానే తిరిగి ముందంచును గాలికి ఎదురుగా పెట్టుకోవాలి. అప్పుడే తుఫానులో ఓడకు ముప్పు ఉండదు.

అది చూడటానికే నాలుగు మీటర్ల నమూనా చేయించి, కంపెనీ పికప్ బండి మీద బిగించారు. పొద్దున ఆరింటికి రాయకోట రోడ్డు ఎక్కారు. డ్రైవరు మారప్పది అత్తిముగం ఊరు.

"ఆకు కూడా కదల్లేదే తనూజమ్మా. గాలి లేకుండా ఏం చూస్తారు?" అన్నాడు.

"బండి పోతుంటే ఎదురుగా తగిలేదే మన గాలి మారప్పన్నా. వేరే గాలి లేకపోతేనే లెక్క సరిగ్గా వస్తుంది."

ఉద్దనపల్లి దాటాక అరవై మీద పొమ్మంది. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని బ్రేకు వదిలే బటన్ నొక్కింది. రెక్క క్షణం వణికి, ధడేలుమని అడ్డం తిరిగింది. బండి ఎడమకు లాగేసింది. మారప్ప బ్రేకు తొక్కేలోపే రెండు చక్రాలు వానకు నానిన మట్టిలోకి జారి, పక్కనున్న టమోటా తోటలో దిగబడ్డాయి. ఇద్దరికీ దెబ్బలేం తగల్లేదు. ఒక సాలు మొక్కలు మాత్రం కట్టెలతో సహా ఒరిగిపోయాయి.

తోట నంజమ్మది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంటూ పరుగున వచ్చింది.

"కండ్లు కనపడలేదా మీకు? ఏమిది, ఇంత ఎత్తుండాది?"

"ఓడకు పెట్టే తెరచాపమ్మా," అంది తనూజ.

"ఓడా? ఈడ యాడుంది ఓడ?" నంజమ్మ రెక్కను పైనుంచి కిందికి చూసింది. "ఏదన్నా కానీ. కట్టెలు నిలబెట్టి, మొక్కలు కట్టినాకే కదలండి."

గంటసేపు ఇద్దరూ కట్టెలు పాతి, మొక్కలకు పురికొస కట్టారు. కడుతూనే తనూజ అంది, "ఎదురుగా వచ్చిన లారీ గాలి కొట్టి ఉంటుందన్నా. ఈ టెస్టు లెక్కలోకి రాదని రాసేస్తాను."

"లారీ యాడొచ్చిందమ్మా? రోడ్డు ఖాళీగా ఉండె. స్టీరింగు కూడా నేను తిప్పలేదు. దానికదే తిరుక్కునింది."

మారప్ప మామూలుగానే అన్నాడు. తనూజకు మాత్రం చేతిలో పురికొస ముడి పడలేదు. తప్పు ఎక్కడుందో ఆమెకు తెలుసు. గాలి తోపుడు రెక్క వెడల్పులో ముందంచు నుంచి నాలుగో వంతు దగ్గర పడుతుంది. ఇరుసు దానికంటే ముందుంటేనే రెక్క గాలికి లొంగి సర్దుకుంటుంది. అక్కడ గొట్టం పట్టడం లేదని, పోయిన నెల ఆమే ఇరుసును రెక్క మందంగా ఉన్న చోటికి, వెనక్కి జరిపింది. మోటారు పట్టుకుంటుంది కదా అనుకుంది. కరెంటు పోయినప్పుడు పట్టుకునేదేముంది?

ఆమె మాట నమ్మి పైఅధికారి జనార్ధనరావు సంతకం పెట్టాడు. డ్రాయింగులు ఓడలు కట్టే యార్డుకు వెళ్లి మూడు రోజులైంది.

మధ్యాహ్నం ఆయన గదిలోకి వెళ్లి జరిగినదంతా చెప్పింది. ఆయన టెస్టు వీడియో పెట్టి చూశాడు.

"లారీ గాలి అని రాస్తే ఎవరూ అడగరు, తెలుసా?"

"వీడియోలో రోడ్డు ఖాళీగా ఉంది సార్. లారీ ఉన్నా తప్పు నాదే. ఇరుసు జరపాలి."

"నా సంతకం కూడా ఉంది కదమ్మా దాని మీద," అన్నాడాయన. "మెయిలు నువ్వే రాయి. కారణం దాచొద్దు," అన్నాడు.

రాసింది. యార్డువాళ్లు మర్యాదగానే కోప్పడ్డారు. ఇరుసు ముందుకు జరిగితే గొట్టం సన్నబడాలి, దాని గోడ మందం పెరగాలి. రెక్క బరువు మూడు టన్నులు పెరిగింది, డెక్ మీద దాని పునాది లెక్క మళ్లీ మొదటికొచ్చింది. పని రెండు నెలలు వెనకబడింది. మీటింగులో అందరి ముందు తన పేరు చదివినప్పుడు తనూజకు చెవులు వేడెక్కాయి. ఇకపై ఆమె డ్రాయింగులన్నీ గోపీచంద్ చూశాకే పోవాలన్నారు. గోపీచంద్ ఆమెకంటే ఏడాది జూనియరు. మర్నాటి నుంచి కాగితాలు తానే తీసుకెళ్లి అతని బల్ల మీద పెట్టింది.

ఇరుసు ముందుకు జరిపిన కొత్త నమూనాతో మళ్లీ అదే రోడ్డు ఎక్కారు. అరవై మీద బటన్ నొక్కింది. మారప్ప రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. రెక్క రెండుసార్లు అటూ ఇటూ ఊగి, ముందంచును గాలికి ఎదురుగా పెట్టి నిలబడింది. వేగం తగ్గించి చూశారు, పెంచి చూశారు. కదల్లేదు.

"చాలా తనూజమ్మా?"

"ఇంకో పదిసార్లు చూద్దామన్నా."

మారప్ప బండి వెనక్కి తిప్పాడు.