ఆఖరి బోను ఎలుకలు

మా ప్రొఫెసరుగారు మేధావి అని ఆయన తప్ప ఇంకెవరూ అనగా నేను వినలేదు. గోడల పక్కన మొలిచే ఏదో పిచ్చిమొక్క ఆకు నూరి, ఆ రసం వారం పాటు ఎలుకలకు పట్టించి, ఆ తర్వాత కాలేయాన్ని పాడుచేసే విషం ఎక్కిస్తే వాటికి ఏమీ కాలేదని వ్యాసం రాశాడు. దినపత్రికలో ఫొటో పడింది. ఎలుకను ముట్టుకోవడానికి జడిసే మనిషి, ఫొటోలో మాత్రం పులిని పట్టినట్టు నిలబడ్డాడు. సూదులు వేసింది నేను.

ఆ ఫొటో చూసి మా బావ చెడ్డాడు. ఇరవై ఏళ్లు కార్లకు రంగు కొట్టి, థిన్నరు వాసన పీల్చీ పీల్చీ కాలేయం పోగొట్టుకున్నాడు. కళ్లు పచ్చబడ్డాయి. వెంటనే ఆసుపత్రిలో చేరమని డాక్టరు చెప్పాడు, బావ వింటేగా. పత్రిక మడిచి జేబులో పెట్టుకుని, “మా మరదలు పనిచేసే చోటే మందు ఉంది” అని నన్ను చూపించి వీధంతా చాటాడు. ఎలుకల తర్వాత ఒక మనిషి దొరికాడని ప్రొఫెసరుకు ఒకటే సంబరం. సీసాలు నా చేతికే ఇచ్చి పంపేవాడు.

నూనెలో కలిపే ఆ విషం, మూత తీస్తే గాలిలోకి ఎగిరిపోయే రకం. నేనేమో బీకరుకు మూత పెట్టకుండా వరసగా సూదులు వేసుకుంటూ పోయేదాన్ని. మొదటి బోనుకు రసం లేదు, విషమే. రసం తాగినవి ఆఖరి బోనులో ఉండేవి. వాటి వంతు వచ్చేసరికి బీకరులో మిగిలింది దాదాపు నూనే. అనుమానం వచ్చి మూత పెట్టి మళ్లీ చేశాను. అన్ని బోనుల్లోనూ కాలేయాలు ఒకేలా కుళ్లాయి.

వెళ్లి చెప్తే ప్రొఫెసరు కళ్లజోడు తుడుచుకున్నాడు.

“మూత సంగతి ఎవరడిగారమ్మా? నిన్ను పర్మనెంటు చేసే ఫైలు నా బల్ల మీదే ఉంది.”

ఆ మొహం మీద ఉమ్మేయాలనిపించింది. ఉమ్మలేదు. వచ్చి బోనులు కడుక్కున్నాను.

ఈ ఆదివారం బావ పొట్ట ఉబ్బిపోయి మంచం దిగలేకపోయాడు. అయినా సీసా కోసం చెయ్యి చాపాడు. ఇక ఉండబట్టలేక సీసా లాక్కుని సింకులో ఒంపేసి, మూత సంగతితో సహా అంతా చెప్పేశాను. ఆసుపత్రికి బయలుదేరమన్నాను. ప్రొఫెసరును నోటికొచ్చినట్టు తిట్టాను.

బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అక్క కారు కోసం ఫోను చేసి, నా తిట్లు అయ్యేదాకా ఆగి, “ఇది నీకెప్పుడు తెలిసింది?” అంది.

“మూడు వారాలైంది.”

“మూడు వారాలూ నువ్వే తెచ్చి పోశావు.”

కారు వచ్చింది. బావను లేపడానికి రెండోవైపు నేను పట్టుకోబోయాను. అక్క నా చెయ్యి తీసేసి, డ్రైవరును లోపలికి పిలిచింది.