డెబ్బై దాటకూడని పరీక్ష

నలభై ఏళ్లు పిల్లల చెవులు మెలిపెట్టి లెక్కలు నేర్పిన మాస్టారికి ముసలితనంలో ఎలాంటి పరీక్ష వచ్చిపడిందో చూడండి! తక్కువ మార్కులొచ్చినా ముప్పే, ఎక్కువొచ్చినా ముప్పే.

ఆ వృద్ధుల నివాసంలో ఏడాదికోసారి, ఎవరి పనులు వాళ్లు ఎంతవరకు చేసుకోగలరో చూసి నూటికి మార్కులేస్తారు. నలభైకి తగ్గితే మంచాన పడ్డవాళ్లుండే పై అంతస్తుకి పంపుతారు. డెబ్బై దాటితే మా సాయం మీకక్కర్లేదని ఇంటికి పంపేస్తారు. ఇల్లంటే కొడుకు ఇల్లు. హాల్లో సోఫా మీద పడక, అందరూ టీవీ కట్టేశాకే నిద్ర. ఇక్కడైతే గడియ పెట్టుకోవడానికి సొంత గది ఉంది, పక్క గదిలో పేకాటకి రిటైరైన నర్సమ్మ ఉంది. ఆ గదిలోనే కన్ను మూయాలని మాస్టారి ఆశ.

వారం రోజులు నర్సమ్మే తర్ఫీదిచ్చింది. ఒక బొత్తాం తప్పించి పెట్టుకోవడం, కుర్చీలోంచి లేవబోయి కూలబడటం, ఇవాళ ఏ వారమంటే కాస్త నసగడం.

"తెలివి చూపించకండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది," అని మరీ మరీ చెప్పింది.

పరీక్షలో మాస్టారు దివ్యంగా తడబడ్డారు. వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మన్నప్పుడు మాత్రం ప్రాణం విలవిల్లాడింది. పళ్ల బిగువున రెండు తప్పులు చెప్పారు.

మార్కులేసే అమ్మాయి కాగితం చివర అరవై ఎనిమిది వేసి, సంతకం పెట్టమంది. హమ్మయ్య, గండం గడిచింది!

మాస్టారు అలవాటు కొద్దీ వేలు పెట్టి పైనుంచి కూడుకుంటూ వచ్చారు. వేలు ఆగింది. మళ్లీ కూడారు. డెబ్బై ఎనిమిది. పదుల్లో ఒకటి కలపడం మర్చిపోయిందా పిల్ల.

నోరు మూసుకుని సంతకం పెట్టెయ్ అని తనకు తానే చెప్పుకున్నారు. నిజంగానే చెప్పుకున్నారు, పాపం. కానీ తప్పు కూడిక కింద ఆయన సంతకమా? తప్పు చూపించారు. ఆ అమ్మాయి సిగ్గుపడి దిద్దింది.

గుమ్మం బయట కూర్చున్న నర్సమ్మ ఎన్నొచ్చాయంది. చెప్పారు. ఆవిడ మండిపడి ఆ అమ్మాయిని కడిగేద్దామని లేచింది.

"కూర్చోండి నర్సమ్మా," అన్నారు మాస్టారు, ఆవిడ మొహం చూడలేక. "ఆ పిల్ల అరవై ఎనిమిదే వేసింది."