పోటుకి లేవని ఇల్లు

పున్నమికీ అమావాస్యకీ పోటొచ్చే పొద్దున జాలారిపేటలో ఆడవాళ్లకి చేతినిండా పని. పొయ్యి మీద ఎసరు దించెయ్యాలి, అటక మీది బిందెలు కిందకి చేర్చాలి, పిల్లల్నీ కోళ్లనీ లోపలికి తోలాలి. సముద్రం పొంగి ఇసక కింద నీరు పాకగానే వీధిలో ఇళ్లన్నీ జానెడెత్తు పైకి లేస్తాయి. పోటు తీసేదాకా అలా తేలి, మెల్లగా దిగి కూచుంటాయి. కరెంటోళ్లు కూడా ఆ వీధికి వైరు కాస్త వదులుగానే వేశారు.

ఒక్క ఎల్లారావు ఇల్లే కొన్నేళ్లుగా లేవడం మానేసింది. "మా పునాది అలాటిది" అని అతను మీసం తిప్పేవాడు. గడప దిగే బాధ తప్పిందని మోకాళ్ల నొప్పులున్న అతని తల్లి దేముడమ్మ తెగ సంబరపడింది. పెళ్లాం ఈశ్వరి కూడా అదేదో గొప్పే అనుకుంది. చీకటితో లేచి హార్బర్లో చేపలు అమ్ముకొచ్చే మనిషికి ఇంట్లో ఒక పని తగ్గితే చేదా?

కూతురు పైడితల్లికి నాలుగో ఏడు వచ్చేసరికి కడుపునొప్పి పట్టుకుంది. తిండి వద్దంటుంది. వచ్చిన మాటలు కూడా మర్చిపోతోంది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు, ఏదీ పనిచెయ్యలేదు. చివరికి ఆసుపత్రిలో డాక్టరమ్మ నెత్తురు పరీక్షకి పంపింది.

"పాప రక్తంలో సీసం ఉందమ్మా. ఇంట్లో సీసంతో పనేమైనా చేస్తారా?"

"వలకి సీసం గుళ్లు పోత్తాడమ్మా మావోడు. వంటింటి పొయ్యి మీదే కరిగిత్తాడు," అంది ఈశ్వరి.

డాక్టరమ్మ చీటీ రాసింది. "మందిస్తాను. కానీ ఇంట్లో సీసం ఉన్నన్నాళ్లూ మందు పనిచెయ్యదు. గోడ రంగులో ఉంటుంది, బొమ్మల రంగులో ఉంటుంది. వెతికి తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే పిల్ల మనకి దక్కదు."

ఆటోలో తిరిగొస్తుంటే, వలని ముంచే సీసమే ఇంటినీ లేవనివ్వడం లేదని ఈశ్వరికి తెలిసిపోయింది. ఒళ్లు మండింది. ఇల్లు ఇన్నేళ్లూ చెబుతూనే ఉంది, వినకుండా మీసం తిప్పుకున్నది తామే. సరే, ఇప్పుడు వింటాను అనుకుంది.

అమావాస్య పోటుకి ముందు మొగుడితో పెద్ద గొడవైంది. "గుళ్లు లేకపోతే వల మునుగుద్దేటే? మా అయ్యా, మా తాతా అందరూ ఇంట్లోనే పోసినారు," అన్నాడు ఎల్లారావు.

"పోసినారు. నీ తోడబుట్టినోలు ఎంతమంది బతికినారు?"

దేముడమ్మ తల దించుకుంది. ఎల్లారావు సీసం కడ్డీలు, గుళ్ల సంచి, కరిగించే మూకుడు మోసుకెళ్లి రేవు చివర పాకలో పడేశాడు.

అతను రేవులో ఉండగానే ఆ పోటుకి ఇల్లు వీధివైపు లేచింది, వంటిల్లు లేవలేదు. ఈశ్వరి పొయ్యిలో బూడిదంతా ఎత్తింది. దుమ్ము రేగకుండా నేలనీ గోడల్నీ తడిగుడ్డతో తుడిచింది. చేపలమ్మి వచ్చి నడుం వాల్చకుండా రోజూ అదే పని. ఇంటి పిచ్చి పట్టిందని వీధిలో వాళ్లు నవ్వారు. నవ్వనీ.

పున్నమికి వంటిల్లు లేచింది. పైడితల్లి పడుకునే మూల మాత్రం ఇసకని వదల్లేదు. ఎల్లారావు వేటకెళ్లాడు. ఈశ్వరి బొమ్మల పెట్టె ముందేసుకుని ఒక్కొక్క బొమ్మా వీధిలో పెడుతూ మూలకేసి చూసింది. బట్ట బొమ్మకి మూల కదల్లేదు. గిలక్కాయకీ కదల్లేదు. పసుపు రంగేసిన చెక్క బండి గడప దాటగానే మూల కిర్రుమని కాస్త లేచింది. పెట్టె ఖాళీ అయినా నేల సమం కాలేదు.

"ఇంకా ఏదో ఉన్నాది అత్తా," అంది ఈశ్వరి.

దేముడమ్మ ఆ మూలలో కూచున్న మనవరాలి వైపు చూసింది. పైడితల్లి మెళ్లో తాడుకున్న చిన్న చేపని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. అది సీసం చేప. తుపానులో బోటు తిరగబడ్డప్పుడు ఎల్లారావు వల బెండ్లు పట్టుకుని తేలి బతికాడు. ఆ వల గుండునే కరిగించి, కూతురు పుట్టగానే చేప పోసి మెళ్లో కట్టాడు.

సరిగ్గా అప్పుడే ఎల్లారావు రేవు నుంచి వచ్చి ఆ మూల కిటికీ బయట నిలబడ్డాడు. తాడు కొయ్యడానికి ఈశ్వరి కత్తి అందుకోవడం చూసి అతని మొహం పాలిపోయింది. "అది తియ్యకే. నన్ను పేనాలతో తెచ్చింది అదే."

"నిన్ను తెచ్చింది. పిల్లని అట్టుకుపోతంది."

పోటు తియ్యబోతోంది. ఎల్లారావు కూతురి మొహం చూశాడు. కింద నుంచే కిటికీలోంచి చెయ్యి చాపి, జేబులో కత్తితో తాడు తెంపి, చేపని తీసి వీధి ఇసకలో పెట్టాడు. మూల లేచింది. ఇల్లంతా సమంగా తేలింది. పైడితల్లి తప్పట్లు కొట్టి, ఎన్నాళ్లకో "నాన్నా" అని పిలిచింది.

అతను ఉండబట్టలేక గడప ఎక్కాడు. ఇల్లు చతికిలబడింది.

సీసం బట్టలకి అంటుకుని ఉంటుందని వీధి కుళాయి దగ్గర వాటిని విప్పేసి, ఒళ్లంతా రుద్దుకుని, ఆరిన లుంగీ కట్టుకుని మళ్లీ ఎక్కాడు. ఇల్లు మళ్లీ దిగింది. వీధిలో ఎవరూ నవ్వలేదు. చిన్నప్పట్నుంచీ ఆ పొగ పీల్చి, గుళ్లని పళ్లతో నొక్కి వలకి బిగించిన మనిషి మరి.

"నా వొంట్లోనే ఉన్నాదే," అన్నాడు ఎల్లారావు. వెనక్కి దిగాడు. ఇల్లు లేచింది. "నాను రేవులోనే పడుకుంటాలే. పిల్ల బాగుంటే సాలు."

ఈశ్వరికి ఏడుపొచ్చింది, ఏడవలేదు. పిల్లని అత్త ఒళ్లో కూచోబెట్టి, కొంగు దోపుకుని, తేలుతున్న గడప మీంచి వీధిలోకి దిగి మొగుడి చెయ్యి పట్టుకుంది.

"మూకుడు బయట పెట్టినాను, బొమ్మలు బయట పెట్టినాను. నిన్ను పెట్టను. నడు, ఆసుపత్రిలో ఓపీ మూసీకముందే ఎల్లాల."