కచాంగ్‌కు మూడు కత్తెరలు

కుక్కకు గుండు చేయిస్తానని సురేన్ చెప్పినప్పుడు సత్యవాణి తన కుక్క మబ్బు అరికాళ్ళకు మైనం రాస్తోంది. తల ఎత్తలేదు. ఎయిర్‌కాన్ చప్పుడులో మాట సరిగ్గా వినపడలేదనుకుంది.

"పందేనికి ముందే చేయించేస్తాను. ఇంక ఆపకూడదు," అన్నాడు సురేన్.

"ఎవరికి?"

"కచాంగ్‌కి. మరి మీకా?"

గుమ్మంలో బకెట్ కడుగుతున్న వీరాస్వామి చెయ్యి ఆగింది. కుక్కల్ని ఉంచే ఆ కెన్నెల్ ఆయనది. ఈ ఇద్దరి మధ్య మాట మొదలైతే ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి కడుగుతూనే ఉంటాడు.

మబ్బు, కచాంగ్ ఒక్క ఈతలో పుట్టినవి. మంచు మీద బండ్లు లాగే హస్కీ జాతి. మబ్బు సత్యవాణిది, కచాంగ్ సురేన్‌ది. ఆమె ఉండేది బుకిట్ బటోక్‌లో, అతను ఉండేది బుకిట్ పంజాంగ్‌లో. ఇద్దరివీ గవర్నమెంటు ఫ్లాట్లే. అంతంత కుక్కల్ని అక్కడ ఉంచనివ్వరు. అందుకని ఊరి చివర ఫారాల లేన్‌లో, వీరాస్వామి దగ్గర, ఒకే చల్లటి గదిలో రెండూ పెరిగాయి. ఆ గదికి ఎయిర్‌కాన్ బిగించింది సురేనే. అదే అతని పని.

సరిహద్దు దాటి, మలేసియాలో కామెరన్ కొండల మీద, తేయాకు తోటల మట్టిదారిలో, ఏడాదికొకసారి పందెం జరుగుతుంది. మోటారు లేని స్కూటర్‌కు రెండు కుక్కల్ని కడతారు. మనిషి దాని మీద నిలబడి తోలాలి. బరువు తక్కువని సత్యవాణి తోలుతుంది. ఆమె తండ్రి గుంటూరు జిల్లాలో బండలాగుడు పందేలకు ఎడ్లను మేపినవాడు. కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. ఏ పక్కన అలవాటైంది ఆ పక్కనే లాగుతుంది, తారుమారు చేస్తే మొండికేస్తుంది. కుక్కలూ అంతేనని ఆమె మొదటి నెలలోనే కనిపెట్టింది. కచాంగ్ దాపట, మబ్బు వలపట. విడిగా కడితే మబ్బు నాలుగడుగులు వేసి ఆగి, పక్కకు చూస్తుంది. ఇంకో కుక్కను తెచ్చి కట్టినా అంతే.

మబ్బు మూతి మీద తెల్లబడుతోంది. ఈ ఏడు కట్టకపోతే దాన్ని ఇక కట్టేది లేదు. కచాంగ్ లేకుండా మబ్బు లేదు. కచాంగ్ సురేన్‌ది. అందుకే ఇంతకాలం ఆమె ఈ మనిషిని భరించింది.

"గుండు ఎందుకు?" అంది సత్యవాణి.

"మొక్కు. పోయినేడు దాన్ని మీరు చంపబోయారు కదా. అప్పటిది."

పోయినేడు పందేనికి ముందు ఒక ఆదివారం, తెల్లారగట్ల తోలాల్సిన కుక్కల్ని ఆమె ఆఫీసు ఫోను తెమిలాక ఎండెక్కి తోలింది. లేన్ మలుపులో కచాంగ్ కూలబడింది. నాలుక చివర చేటలా వెడల్పయి, చిగుళ్ళు ఇటుక రంగుకు తిరిగాయి. మోసుకొచ్చి పొట్ట మీద, తొడల సందున నీళ్ళు పోశారు. వెట్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే లోపల అది కక్కుకున్నదాంట్లో ప్రాటా రొట్టె ముక్కలున్నాయి. పరుగుకు ముందు ఏమీ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా సురేన్ తన టిఫిన్‌లో సగం దానికి పెట్టేవాడు. ఎండ చంపబోయిందని అతను, ప్రాటా చంపబోయిందని ఆమె. ఆ రోజు నుంచి ఇద్దరూ ఎవరి మాట మీద వాళ్ళున్నారు.

"ఆ జుట్టు దానికి కంబళి అనుకుంటున్నారా మీరు? ఎండలో గొడుగండీ అది," అంది సత్యవాణి. "పైన ఒక వరస, లోపల ఒక వరస. రెండూ కలిసే వేడిని ఆపుతాయి. గొరిగేస్తే తోలు కాలుతుంది. మళ్ళీ మొలిచినా సరిగ్గా మొలవదు. ఒంటికి కట్టే హార్నెస్ పట్టీ ఒరుసుకుని పుండవుతుంది."

"గూగుల్‌లో సదివారా?"

"వెట్‌ని అడగండి."

"వెట్ ఆ రోజు ఏటన్నాడు? 'చూద్దాం' అన్నాడు. సూడ్డానికి నా కుక్కేమన్నా సినిమానా? మునీశ్వరుడు సూద్దామన్నేదు. బతికించాడు."

ఫారం మూల రేకుల కింద మునీశ్వరుడి రాయి ఉంది. పసుపు రాసి ఉంటుంది. నిమ్మకాయలు వాడిపోగానే ఎవరో ఒకరు మార్చేస్తారు. సురేన్ బండి దిగగానే ముందు అటే వెళతాడు.

"పందెం అయ్యాక తీర్చుకోండి. పారిపోతాడా ఆయన?"

"మా అమ్మ కూడా అలాగే అంది." సురేన్ గొంతు మారలేదు. "తమ్ముడికి టైఫాయిడొస్తే మొక్కింది. తగ్గింది. స్కూల్ ఫొటో దిగాక గుండు చేయిద్దాం, బాగోదు, అంది. ఆ ఫొటోకే ఇప్పుడు దండేసి ఉంది. మీ బ్యాంకులో వాయిదాలుంటాయి గదా, మేడం. ఈయన దగ్గర లేవు."

వీరాస్వామి బకెట్ బోర్లించాడు. "మీ ఇద్దర్నీ ఈ గదిలో పెట్టి తాళమేసి, కుక్కల్ని ఇంటికి పంపించాలి," అన్నాడు.

"అంకుల్, ఆ రోజు మీరక్కడే ఉన్నారు కదా. ఈయన ఏమని మొక్కాడు? అన్న మాట అన్నట్టు చెప్పండి," అంది సత్యవాణి.

"నన్ను లాగొద్దమ్మా."

"సెప్పండి, అంకుల్. సెప్పండి," అన్నాడు సురేన్ కూడా.

"'దీని జుట్టు నీకిస్తా సామీ, దీన్ని ఉంచు' అన్నాడు. నేను విన్నది అంతే."

"గుండు అనలేదు," అంది సత్యవాణి.

"జుట్టంటే గుండే."

"జుట్టంటే జుట్టు."

ఆమె ఆ వారమంతా పాయా లేబర్‌లో ఆఫీసు అవగానే రైలెక్కి, బస్సు మారి, కెన్నెల్‌కు వచ్చింది. కచాంగ్‌ను ఒళ్ళో వేసుకుని ఇనప దువ్వెనతో దువ్వింది. హస్కీ జుట్టు రాలే కాలంలో ఆపినా ఆగదు. తొడల దగ్గర, మెడ కింద, లోపలి వరస పిడికిళ్ళుగా ఊడివచ్చింది, ఏకిన దూదిలాగా. దువ్వుతూనే కీళ్ళు నొక్కి చూసింది, చెవులు వాసన చూసింది, గోళ్ళ సందుల్లో తడి తుడిచింది. బియ్యం సంచి నిండింది. కుక్క ఒంటి మీద పైవరస మాత్రం చెక్కు చెదరలేదు.

సంచి తెచ్చి సురేన్ కాళ్ళ దగ్గర పెట్టింది. "ఇదిగోండి జుట్టు. ఇచ్చేయండి మీ సామికి."

సురేన్ మూతి విప్పి చూశాడు. చెయ్యి పెట్టలేదు.

"మీ ఇంట్లో ఆడాళ్ళు తల దువ్వుకుంటారు కదా. దువ్వెనకి అంటుకున్న జుట్టుని ఏటి చేస్తారు?"

సత్యవాణికి అర్థమైంది.

"సెప్పండి. మా అమ్మ మలేసియాలో, బాగన్ దాతోలో, ఏం చేసేదో మీ అమ్మ గుంటూరులో అదే చేసుంటది. చుట్ట చుట్టి, దాని మీద తుపుక్కున ఉమ్మి, అవతల పారేస్తారు. అవునా? ఉమ్మి పారేసేది తెచ్చి దేవుడి కాడ పెట్టమంటున్నారు నన్ను. సదువుకున్నారు కూడానూ."

వీరాస్వామి మొహం అటు తిప్పుకున్నాడు. అందులో నవ్వుంది. ఆమె చెవులు కాలాయి. సంచి మూతి కట్టి గోడ వారకు జరిపింది. ఆమె ఓడిపోయిందనే అనుకున్నారు మగాళ్ళిద్దరూ.

"కచాంగ్ ఆడదే కదా," అంది సత్యవాణి.

"అయితే?"

"మా వైపు ఆడవాళ్ళు తిరుపతి మొక్కుంటే గుండు చేయించుకునేవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు మూడు కత్తెరలు ఇస్తారు. మూడుసార్లు కత్తెర పెడితే మొక్కు చెల్లినట్టే. దేవుడు ఒప్పుకుంటున్నాడు. మా అమ్మ ఇచ్చింది. నేనూ ఇచ్చాను."

సురేన్ చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు, అబద్ధం ఎక్కడుందోనని. తర్వాత రేకుల వైపు చూశాడు. బయటికి వెళ్ళి తల్లికి ఫోను చేశాడు. మాటలు వినపడలేదు గాని, వచ్చేటప్పుడు నడకలో విసురు తగ్గింది.

"అమ్మకీ తెలుసంట. మూడు. మళ్ళీ నాలుగోదని మీరు, ఐదోదని నేను అనకూడదు."

"మూడే. తోక చివర తీయండి. దానికి తెలియను కూడా తెలియదు."

సురేన్ రాయి దగ్గరికి వెళ్ళి దండం పెట్టాడు. ఒప్పుకున్నాడని ఆమె అనుకుంది.

శుక్రవారం ఆమె ఆఫీసులో ఉండగా మొక్కు తీరింది. శనివారం చీకటితోనే వచ్చి గది తలుపు తీస్తే కచాంగ్ తోక ఊపుతూ లేచింది. తోక చివర అలాగే ఉంది. ఛాతీకి అడ్డంగా ఒక చార, భుజాల మీద అటొకటి ఇటొకటి. మూడు చారలు, అరచెయ్యంత వెడల్పు, తోలు దాకా. గులాబీ రంగు చర్మం, పొలం మధ్య చెక్కిన గట్టులాగా కనపడుతోంది. హార్నెస్ తీసుకుని పైన పెట్టి చూసింది. మూడు పట్టీలూ మూడు చారల మీదే కూర్చున్నాయి.

సురేన్ అప్పుడే వచ్చాడు, నుదుట విబూదితో.

"ఏంటిది?"

"మూడు."

"కత్తెరలన్నాను. మిషను పెట్టమన్లేదు."

"ఒకసారి పెడితే ఒకటి. మూడుసార్లు పెట్టాను. అన్న మాట అన్నట్టే, మీరు నేర్పిందే."

"తోక చివర అన్నాను కదా! కావాలనే పట్టీ కింద తీశావు." ఇన్నేళ్ళలో ఆమె అతన్ని నువ్వనడం అదే మొదలు.

"ఆ రోజు నా చెయ్యి ఎక్కడుంది? నువ్వు ఫోను పట్టుకుని వెట్‌ని ఎతుకుతున్నావు, సూడ్నేదు. నా చెయ్యి ఇక్కడుంది, గుండె మీద. రొండో చేత్తో భుజాలు పట్టుకున్నాను. ఆగి ఆగి కొట్టుకుంది గుండె. అక్కడ చెయ్యేసి మొక్కాను. అక్కడే తీశాను. తోక మీద మొక్కుతాడా ఎవడైనా?"

ఆమె హార్నెస్ చుట్టి చంకలో పెట్టుకుంది. నమ్మలేదని మొహంలోనే ఉంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు జుట్టున్న ఆ బియ్యం సంచి భుజాన వేసుకుంది. పాత నూలుచీర చింపి మూడు గుడ్డ గొట్టాలు కుట్టి, వాటిలో కచాంగ్ జుట్టే కూరింది. అవి పట్టీల లోపలివైపు పెట్టి దబ్బనంతో బిగించింది. దువ్వెనలో వచ్చిన జుట్టు. ఉమ్మలేదు.

ఆదివారం ఇంకా వెలుతురు రాకముందే రెండు కుక్కలకూ చేప ఉడికించిన నీళ్ళు పట్టింది. ఉత్త నీళ్ళు మూతి ముంచి వదిలేసేవి, ఇవి గిన్నె అడుగుదాకా నాకాయి. చిగుళ్ళు నొక్కి వదిలింది. తెల్లబడి వెంటనే ఎర్రబడ్డాయి. సురేన్ ఎదురుగా నిలబడి తన ఖాళీ చేతులు రెండూ తిప్పి చూపించాడు.

"ప్రాటా లేదు. సోదా చేస్తావా?"

ఆమె స్కూటర్ ఎక్కింది. దాపట కచాంగ్, వలపట మబ్బు. "హై" అనగానే తాడు బిగిసింది. నర్సరీల పక్కన, ఇంకా ఆరని లైట్ల కింద, రెండు వీపులూ ఒక్కటిగా లేచి పడ్డాయి. కాళ్ళు ఒకే దెబ్బకు నేలను తాకాయి. నాన్న ఎడ్లు బండను కదిలించేటప్పుడు ఆ చప్పుడే వచ్చేది. కచాంగ్ ఎక్కడా కుంటలేదు, వెనక్కి చూడలేదు. మలుపు తిరిగి వచ్చేసరికి వీరాస్వామి కూడా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అలామా! పోయినేడు ఇంత లాగలేదు," అన్నాడు సురేన్. దాచుకోలేకపోయాడు.

సత్యవాణి దిగి, రెండింటికీ వేడి కొలిచి, నీళ్ళు పెట్టి, అప్పుడు కచాంగ్ ఛాతీ పట్టీ కింద వేళ్ళు దూర్చి పైకెత్తింది.

గుడ్డ తడిసి ఉంది. లోపల జుట్టు చెమ్మకు ఉండకట్టి ఒక పక్కకు జారింది. అది జారిన చోట చర్మం, కుంకం బొట్టంత, చెక్కుకుపోయి ఎర్రగా ఉంది. వేలు ఆనిస్తే కుక్క వణికి, ఆమె మణికట్టు నాకింది.

"ఆపేద్దాం," అంది.

"ఆ కాస్తకా? బొట్టంతుంది. కొబ్బరి నూనె రాద్దాం. పందెం నాటికి మానుద్ది."

"కట్టకపోతే మానుతుంది. కట్టకుండా ఇంకెలా సిద్ధం చేస్తాను? కడితే ఈ బొట్టు రోజురోజుకీ పెరుగుతుంది. కొండ మీద దిగుడులో పట్టీ మొత్తం దీనిమీదే పడుతుంది."

"అది లాగుతానంటంటే నీకేటి? సూడు, ఇంకా తోకాడిస్తంది!"

"లాగుతుంది. అడక్కుండా లాగుతుంది. కాలు విరిగినా లాగుతుంది, ఈ జాతే అంత." ఆమె లేచి నిలబడింది. "ఆ రోజు ఎండలో తోలానని నన్ను హంతకురాలన్నావు. ఏడాదిగా అంటూనే ఉన్నావు. ఇవాళ పుండు మీద కట్టమంటున్నావు."

సురేన్ గేటు వైపు చూశాడు. వీరాస్వామి తనలో తను ఏదో అనుకుంటూ గొట్టం విప్పడానికి పోయాడు.

"అయితే మబ్బు?" అన్నాడు సురేన్. "దానికి ఇదే ఆఖరు కదా?"

"తెలుసు."

"మొక్కు తీర్చకుండా ఎలా ఉంటాను…"

"తీరింది కదా. మనిద్దరిదీ తీరింది."

ఆమె కచాంగ్ ఒంటి మీదనుంచి హార్నెస్ విప్పి, పుండుకు మందు రాసి, పాత బనియను తొడిగింది. అతని చేతికి గొలుసు ఇచ్చింది, వేళ్ళు తగలకుండా. స్కూటర్ అతని పక్కనే ఆనించింది. అది ఆమెదే. అయినా తీసుకోలేదు.

"మేడం," అన్నాడు సురేన్ వెనకనుంచి. "వచ్చే ఏడు…"

"నీ కుక్కకి ఎండ తగలనీకు. మొలిచేదాకా."

మబ్బును పట్టుకుని లేన్‌లోకి నడిచింది. అప్పుడే పొద్దు పొడుస్తోంది. మబ్బు కొంతదూరం తలతిప్పి వెనక్కి చూస్తూ నడిచింది, తర్వాత మానేసింది. దారంతా కుడిపక్కనే నడిచింది. దాపట ఒక కుక్క పట్టేంత చోటు వదిలిపెట్టి.