తొడిమల పండగ

జయకుమారమ్మ కూర్చున్న చోట సెంటు కొట్టారు. మా కళ్ళ ముందే కొట్టారు.

ముప్పై ఏళ్ళుగా మిర్చి యార్డులో మిరపకాయల తొడిమలు తీస్తున్న మనిషి ఆమె. మా యూనివర్సిటీ పండగను మొదలుపెట్టాల్సింది ఆమే. సెక్యూరిటీ వాడు రెక్క పట్టుకుని వేదిక మీంచి దించేశాడు. స్పాన్సరు రామకాంత్ గారికి ఘాటు పడదట. కోల్డ్ స్టోరేజీల యజమాని. మిరపకాయల మీద మేడలు కట్టినవాడికి మిరపకాయ వాసన పడదట! థూ.

ఈ పండగ ఏ అధికారీ పెట్టింది కాదు. ఇరవై ఏడేళ్ళ కిందట నీడ, మంచినీళ్ళు అడిగిన పాపానికి యార్డు ఆడవాళ్ళను పోలీసులు తరిమితే, విద్యార్థులు క్యాంపస్‌లోకి పిలిచారు. మాట్లాడమంటే ఒక్కరికీ నోరు పెగల్లేదు. "చేతులు ఊరికే ఉంటే మాటలెట్టా వస్తాయి బాబూ" అంది ఒకామె. ఎవరో బస్తా కాయలు తెచ్చి కుమ్మరించారు. అందరూ చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తుంటే మాటలు వాటంతటవే వచ్చాయి. అప్పట్నుంచి ఏటా అంతే. కుర్చీలుండవు, ముఖ్య అతిథి ఉండడు. యార్డు మనిషి తొలి తొడిమ తీశాకే పండగ.

ఈసారి దాన్ని ఈవెంట్ కంపెనీకి అప్పగించింది ఎవరనుకున్నారు? మా విద్యార్థి కమిటీయే. పెద్ద తెర, సినిమా లైట్లు అనేసరికి చొంగ కార్చుకున్నాం. నేనూ చెయ్యెత్తాను. తలచుకుంటే నా మీద నాకే అసహ్యం.

"ఏరా, చప్పట్లు కొడతారా, లేస్తారా?" మా క్లాసు జెస్సీ అరిచింది.

"బ్యానర్ మీద ఆయన పేరేగా ఉంది, ఊరుకోవే" అన్నాడు కమిటీ కార్యదర్శి రాఘవ.

"బ్యానర్ ఆయనది. పండగ ఎవడబ్బ సొమ్మురా?"

రాఘవ మెళ్ళోని కమిటీ బ్యాడ్జీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

జయకుమారమ్మ పండగకని తెచ్చిన అరబస్తా కాయలు నెత్తికెత్తుకుంది. "నా పని ఏడ కూర్చున్నా అవుద్ది. రండి." జెస్సీ లేచింది. నేను లేచాను. తర్వాత వరుసలకు వరుసలే లేచాయి. రామకాంత్ ఖాళీ కుర్చీల ముందు దీపం వెలిగించాడు.

గేటు బయట కాయలు కుమ్మరించామో లేదో పోలీసులు దిగారు. రోడ్డు మీద కూర్చోవడం నేరమట.

"ముప్పై ఏళ్ళు ఎండలో కూర్చున్నా. అప్పుడు ఒక్కడూ రాలేదేం?" అడిగింది జయకుమారమ్మ. ఆమెనూ జెస్సీనీ వ్యానెక్కించారు.

కాయలను మళ్ళీ బస్తాలోకి ఎత్తింది రాఘవే. అందరం స్టేషన్‌కు నడిచాం. మెట్ల మీద రాఘవ కుప్ప పోశాడు.

"లేవండి!" ఎస్సై దగ్గుతూ అరిచాడు.

"తొలి తొడిమ ఆవిడే తియ్యాలండి. అందాకా లేవం" అన్నాడు రాఘవ.

లోపల్నుంచి కిటికీ ఊచల మధ్యగా ఒక చెయ్యి బయటికొచ్చింది. "ఓ కాయ ఇటియ్యరా."

రాఘవ ఇచ్చాడు. ఆమె తొడిమ తుంచి, ఎస్సై బూట్ల దగ్గర పడేసింది.

వందల చేతులు ఒక్కసారే కుప్పలోకి దిగాయి. ఎస్సై దగ్గుతూనే ఉన్నాడు.